పాత డిస్కులో తంగేడు పూలు

ఈ మధ్యే దుకాణం మూసేశాను. సన్న స్క్రూ తల మీద ఉన్నది ప్లస్ గుర్తో నక్షత్రం గుర్తో కళ్ళజోడు పెట్టుకున్నా తెలియనప్పుడు ఇక చాలనిపించింది. సూరత్ డిండోలిలో మా గల్లీ పిల్లలు కొందరు ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్నారు. లాప్‌టాప్ విప్పడం, బిగించడం వీడియోలు చూసి నేర్చుకుంటున్నారు. వాటిలో ఆ సంగతులు బాగానే చూపిస్తారు. నేను రాస్తున్నది వాటిలో లేని సంగతి. ఈ పనిలో ఎవరిని, దేన్ని, ఎంతవరకు నమ్మాలన్నది. నన్నడిగితే ఎవరినీ నమ్మకుండానే మొదలుపెట్టమంటాను. చేతిలో ఉన్న వస్తువును కూడా.

మాది నేత కుటుంబం. మా నాన్న కరీంనగర్ వైపు పల్లె నుంచి సూరత్ వచ్చి సాంచాల మీద, అంటే మర మగ్గాల మీద, బతికాడు. ఇంట్లో ఆడవాళ్ళం చీరల వెనుక వేలాడే దారాలు కత్తిరించేవాళ్ళం. ఆ కత్తెర పని నుంచి తప్పించుకోవడానికే నేను హార్డ్‌వేర్ కోర్సులో చేరాను. కోర్సు అయ్యాక ఉధనాలో ఒక రిపేరు దుకాణంలో పని దొరికింది. యజమాని కిశోర్ భాయ్, గుజరాతీ. నన్ను ఎందుకు తీసుకున్నాడో మొదటి వారంలోనే ఆయనే చెప్పాడు. ఆడవాళ్ళు తమ లాప్‌టాప్‌లో ఫొటోలుంటాయని మగవాళ్ళ చేతికి ఇవ్వడానికి జంకుతారట. కౌంటర్ దగ్గర ఒక ఆడమనిషి కనిపిస్తే ఇచ్చి వెళ్తారట. నా పనితనం గురించి ఒక్క మాట అనలేదు. అప్పుడు నాకది తెలివైన వ్యాపారంలాగే కనిపించింది.

డిస్కు పోయిందని ఎవరు చెప్పారు?

పాత లాప్‌టాప్ తెచ్చేవాళ్ళు రోగం పేరు కూడా తామే తెస్తారు. "హార్డ్ డిస్కు పోయింది, మార్చండి" అంటారు. పక్కింటి అబ్బాయి చెప్పి ఉంటాడు, లేకపోతే ఇంకో దుకాణంవాడు. ఆ మాట మీద డిస్కు మార్చకండి. పాత మోడళ్ళలో డిస్కుకూ బోర్డుకూ మధ్య కాగితమంత పల్చటి రిబ్బన్ కేబుల్ ఉంటుంది. ఏళ్ళ తరబడి వేడికి అది పెళుసెక్కి లోపలే తెగుతుంది. బయటికి మాత్రం డిస్కు చచ్చినట్టే కనిపిస్తుంది. ముందు బ్యాటరీ తీయండి. తర్వాత డిస్కు తీసి వేరే యంత్రానికి పెట్టి చూడండి. అక్కడ బతికుంటే తప్పు కేబుల్‌ది.

డిస్కు నిజంగానే పోతుంటే అది చప్పుడు చేస్తుంది. గోడ గడియారంలాగా టిక్కు టిక్కుమంటుంది. ఆ చప్పుడు వింటే మళ్ళీ మళ్ళీ ఆన్ చేసి చూడకండి. ఆన్ చేసిన ప్రతిసారీ లోపలి పళ్ళెం మీద ఇంకొంచెం గీత పడుతుంది. కస్టమర్ ఇంటి దగ్గర ఎన్నిసార్లు ఆన్ చేసి చూశాడో అడగండి. ఒక్కసారే అంటాడు. నమ్మకండి.

"దానంతట అదే ఆగిపోయింది" అన్న మాట నేను వినని వారం లేదు. వరాఛాలో వజ్రాలు సానపట్టే కార్ఖానా నుంచి ఒక మేనేజరు ఒకసారి లాప్‌టాప్ తెచ్చి, దాన్ని టేబుల్ మీద నుంచి కదిలించనే లేదని దేవుడి మీద ఒట్టేశాడు. మూత తీస్తే చాయ్ వాసన గుప్పున కొట్టింది. ఇలాంటప్పుడు మీరు అబద్ధమాడారని మొహం మీద అనకూడదు. విప్పిన భాగం ఆయనవైపు తిప్పి పెట్టి ఊరుకోవాలి. ఆ మేనేజరు కాసేపు దాన్ని చూసి, తన కూతురు వచ్చి ఆడుకుంటుంటుందని మెల్లగా ఒప్పుకున్నాడు. అప్పుడు గాని అసలు రిపేరు మొదలు కాలేదు.

కొత్తదని అమ్మేది

కిశోర్ భాయ్ దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది. ఆయన మీద నాకు ఎంత కోపమున్నా ఆ మాట దాచను. కొత్త డిస్కును అనుమానించడం ఆయనే నేర్పాడు. సీలు వేసిన ప్లాస్టిక్ సంచిలో, తళతళలాడే స్టిక్కరుతో వచ్చిన డిస్కును కూడా ముందు యంత్రానికి పెట్టి చూడమనేవాడు. తాను ఇప్పటిదాకా ఎన్ని గంటలు తిరిగిందో డిస్కు తనలోనే రాసుకుంటుంది. కొత్తదని ఇచ్చినవి ఎక్కడో కెమెరా రికార్డర్లలో ఏళ్ళ తరబడి తిరిగి, తుడిచి, మళ్ళీ సంచిలో చేరినవని అలా ఎన్నోసార్లు తేలింది. సరుకు తెచ్చినవాడు స్నేహితుడైనా, కుటుంబంవాడైనా చూడకుండా బిగించొద్దనేవాడు.

డేటా ముందు, డిస్కు తర్వాత అన్నదీ ఆయన మాటే. పోతున్న డిస్కు నుంచి తీయగలిగినంత తీసి పెట్టుకున్నాకే కొత్తది బిగించాలి. ఈ రోజుల్లో పాత లాప్‌టాప్‌కు తిరిగే డిస్కు బదులు చిప్పులతో పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేస్తే అది మళ్ళీ పరుగెత్తుతుంది. అమ్మేవాళ్ళు అది చెప్పరు. పాతది పారేసి కొత్త లాప్‌టాప్ కొనుక్కోమంటారు. అలా చెప్పినవాడికి అందులో ఏం మిగులుతుందో ఆలోచించండి.

ఆయన దుకాణంలో వెనుక అద్దాల తలుపున్న క్యాబిన్ ఉండేది. కౌంటర్ దగ్గర నేను, నా పక్కన భావేశ్ అనే ఇంకో మెకానిక్కు. మా ఇద్దరికీ కలిపి ఒక పెద్ద కంప్యూటర్. కస్టమర్ల డేటా తాత్కాలికంగా అందులో పెట్టి, కొత్త డిస్కులోకి ఎక్కించి, కస్టమర్ చూసుకుని సరే అన్నాక తుడిచేయాలి. ఆ నియమం నేను తప్పలేదు. మధ్యాహ్నాలు కిశోర్ భాయ్ బావమరిది వచ్చి క్యాబిన్‌లో కూర్చునేవాడు. రింగ్ రోడ్డులో అతనికి చీరల దుకాణం. చాయ్ తెప్పించుకుని, అక్కడి శేఠ్ కంప్యూటర్ ముందు కాలక్షేపం చేసి పోయేవాడు. కిశోర్ భాయ్‌ని మేం శేఠ్ అనేవాళ్ళం. అంతకుమించి అతన్ని నేను పట్టించుకోలేదు.

రాజమల్లు లాప్‌టాప్

ఒక పెళ్ళిళ్ళ సీజన్ ముందు రాజమల్లు వచ్చాడు. సిరిసిల్ల వైపు మనిషి. సూరత్ పక్కన సచిన్ అనే ఊళ్ళో సాంచాలు నడిపి నడిపి, నడుము పోయాక జకార్డు డిజైన్లు గీయడం నేర్చుకున్నాడు. కంప్యూటర్‌లో గీసిన బొమ్మను పెన్ డ్రైవ్‌లో తీసుకెళ్ళి మగ్గానికి ఎక్కిస్తే చీర మీద అదే పువ్వు వస్తుంది. ఒక్కో గడి ఒక్కో దారం. ఆ డిజైన్లు మగ్గాల యజమానులకు అమ్ముకుని బతికేవాడు. ఎవరో వాడి పడేసిన లాప్‌టాప్ ఆయనకు పనిముట్టు. అది టిక్కు టిక్కుమంటోంది.

నేను తెలుగు మాట్లాడగానే ఆయన మొహం తేటబడింది. ఎవరి బిడ్డనని అడిగాడు. చెప్పాను. మా నాన్నతో కలిసి ఒకే కార్ఖానాలో కొన్నాళ్ళు పనిచేశాడట. ఇంకేమీ అడగకుండా లాప్‌టాప్ కౌంటర్ మీద పెట్టాడు.

"నా బతుకంత గిండ్లనే ఉంది చెల్లె. జర మంచిగ సూడు" అన్నాడు.

కేబుల్ చూశాను, బాగుంది. పోతున్నది డిస్కే. దాన్ని బయటికి తీసి మా కంప్యూటర్‌కు తగిలించి, దెబ్బతిన్న చోట్లను దాటుకుంటూ మెల్లగా చదివే ప్రోగ్రాము పెట్టాను. చాలామటుకు ఫైళ్ళు బయటికి వచ్చాయి. ఆయన అన్నిటికంటే ముందు అడిగింది మాత్రం ఆ సీజన్ కోసం గీసిన కొత్త డిజైన్. చీరంతా తంగేడు కొమ్మలు. గుజరాతీలు ఆవళ్ అంటారు, ఇక్కడి రోడ్ల పక్కనా పూస్తుంది. ఆ ఫైలు వచ్చింది గాని పూర్తిగా రాలేదు. చదవలేని చోట ఖాళీ మిగిలింది. బొమ్మ తెరిస్తే పూలగుత్తికీ కాడకూ మధ్య అడ్డంగా ఒక సన్నటి పట్టీ. అక్కడ ఏమీ లేదు, వట్టి బట్ట రంగు. పువ్వు కాడ నుంచి తెగి గాలిలో నిలబడినట్టుంది.

రాజమల్లును పిలిచి చూపించాను. తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు. పువ్వు తెగిందన్నాడు. తర్వాత, గింతే అయితే ఇంటికి పోయి అతికిస్తానని, కాడ గీయడం ఎంతసేపని తనకు తానే చెప్పుకున్నాడు. ఎస్‌ఎస్‌డీ బిగించి, ఫైళ్ళన్నీ ఎక్కించి, పాత డిస్కు ఆయన చేతికే ఇచ్చాను. మా కంప్యూటర్‌లో ఉన్న కాపీ ఆయన చూస్తుండగానే తుడిచేశాను. అదంతా ఎందుకు చెల్లె అన్నాడు. మనవాళ్ళ బిడ్డవు కదా అన్న అర్థం వచ్చేలా నవ్వి వెళ్ళిపోయాడు.

ఉడ్తా ఫూల్

పెళ్ళిళ్ళు జోరుగా నడుస్తున్నప్పుడు ఆయన మళ్ళీ వచ్చాడు. దుకాణంలో నలుగురైదుగురు కస్టమర్లున్నారు. ఎవరితోనూ మాట్లాడకుండా సంచిలో నుంచి ఒక చీర తీసి నా ముందు పరిచాడు. ఆకుపచ్చ చీర. పసుపు తంగేడు గుత్తులు. ప్రతి గుత్తీ కాడ నుంచి తెగి, కొంచెం పైన గాలిలో తేలుతోంది.

చీరను దగ్గరికి లాక్కుని చూశాను. డిస్కు మీద పడిన గాటును ఎవరో దారం దారంగా నేశారు. అది దెబ్బ అని వాళ్ళకు తెలియదు, డిజైనే అనుకున్నారు. రింగ్ రోడ్డు మార్కెట్‌లో ఆ చీరకు ఉడ్తా ఫూల్ అని పేరు కూడా పెట్టారట, ఎగిరే పువ్వని. తెగ అమ్ముడవుతోందట. తన చెల్లెలి పెళ్ళి కోసం చీరలు కొనడానికి వెళ్ళిన రాజమల్లు భార్య దాన్ని అక్కడ చూసి ఇంటికి తెచ్చింది.

"నేను ఇంటికి పోయినంక అదే దినం పువ్వును అతికించిన. తెగిన పువ్వు నా దగ్గర లేదు. గిది యాడ తెగిందో నీకెర్క" అన్నాడు రాజమల్లు.

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంత సులువుగా ఉండేది.

క్యాబిన్ నుంచి కిశోర్ భాయ్ బయటికి వచ్చాడు. సంగతి విని, మగ్గాలవాళ్ళలో పెన్ డ్రైవ్‌లు ఒకరి చేతి నుంచి ఒకరికి పోతూనే ఉంటాయని, మీలో మీరే దొంగిలించుకుని మా దుకాణం మీద పడితే ఎలా అని హిందీలో దబాయించాడు. పూలన్నీ ఒకలాగే ఉంటాయన్నాడు. ఆ తర్వాత నావైపు తిరిగి, ఈ పెద్దమనిషికి నువ్వే చెప్పు, ఇది ఎక్కడైనా జరగొచ్చు కదా అన్నాడు.

అందరూ నన్నే చూస్తున్నారు. అవునంటే గొడవ అక్కడితో అయిపోయేది. కాదంటే దొంగను నేనే, ఆ కాపీ ముట్టుకున్నది నా చేతులే కాబట్టి. తుడిచేశానని నాకు తెలుసు. నాకు తెలిస్తే ఎవరికి కావాలి?

"ఇది ఇక్కడే తెగింది శేఠ్. ఇంకెక్కడా ఇట్లా తెగదు" అన్నాను.

రాజమల్లు చీర మడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఆయన వెళ్ళిపోతుంటే వెనక వరుసలో నిలబడ్డ ఒకామె తన లాప్‌టాప్ మళ్ళీ సంచిలో పెట్టుకుని ఆయన వెనకే బయటికి నడిచింది.

వైరు ఎక్కడికి పోతోంది

ఆ సాయంత్రం భావేశ్‌ను పక్కకు పిలిచి సూటిగా అడిగాను. అతను నొచ్చుకోలేదు. అక్క అన్నట్టు నన్ను బెన్ అనేవాడు. "నువ్వే చేశావేమోనని నేను మధ్యాహ్నం నుంచీ అనుకుంటున్నాను బెన్, మీరిద్దరూ ఒక వైపువాళ్ళు, డిజైన్ విలువ నీకే తెలుస్తుంది" అన్నాడు. తర్వాత ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది. మా ఇద్దరిలో ఎవరూ కాకపోతే మిగిలింది ఆ కంప్యూటర్.

మర్నాడు పొద్దున శేఠ్ రాకముందే దాని ముందు కూర్చున్నాం. నేను తుడిచినవి తుడిచినట్టే ఉన్నాయి. కాని మేమెవ్వరం పెట్టని ఒక ప్రోగ్రాము అందులో తనంతట తాను నడుస్తోంది. ఏ కస్టమర్ ఫోల్డరు అందులోకి వచ్చినా, మేము తుడిచేలోపే దాని నకలు ఇంకోచోటికి పోతోంది. ఆ ఇంకోచోటు ఎక్కడ? కంప్యూటర్ వెనుక నుంచి ఒక వైరు గోడ వెంట పైకి పోయి, సీలింగులో దూరి, క్యాబిన్ వైపు వెళ్తోంది. అది కెమెరా వైరని శేఠ్ ఎప్పుడో చెప్పాడు. మేమూ అలాగే అనుకున్నాం. వస్తువును అనుమానించాలని అంత నేర్చుకున్నదాన్ని, రోజూ తల మీద కనిపించే వైరును ఒక్కనాడూ అనుమానించలేదు.

భావేశ్ తెర మీద ఆ నకళ్ళ జాబితా తెరిచాడు. తంగేడు డిజైను ఉంది, తెగిన పువ్వుతో సహా. నా కళ్ళు దాని మీద నిలవలేదు. ఆ పైనా కిందా ఉన్న పేర్ల మీదకి పోయాయి. కాలేజీ అమ్మాయిలు, టీచరమ్మలు, బ్యూటీ పార్లరు నడిపే ఆమె, కొత్తగా పెళ్ళయిన ఆమె. వాళ్ళందరూ నన్ను చూసి, నా మొహం చూసి లాప్‌టాప్ ఇచ్చి వెళ్ళినవాళ్ళు. నన్ను కౌంటర్‌లో ఎందుకు కూర్చోబెట్టారో అప్పుడు అర్థమైంది.

కిశోర్ భాయ్ వచ్చి, చాయ్ తాగుతుండగా అడిగాను. ఆయన తడబడలేదు. కస్టమర్ రేపు వచ్చి నా ఫైలు పోయిందంటే మన దగ్గర ఉండాలి కదా, అది జాగ్రత్త అన్నాడు. మరి చీర సంగతేమిటని అడిగాను. గ్లాసు కింద పెట్టి గుజరాతీలో జవాబిచ్చాడు.

"బావమరిది ఊరికే కూర్చుని చూస్తుంటే కనిపించింది. ఒక పువ్వు. ఈ మార్కెట్‌లో ఎవరి పువ్వు ఎవరు వేయడం లేదు? అతని దగ్గర నేనేమీ తీసుకోలేదు, ఇంటి మనిషి." గ్లాసు పక్కకు జరిపి అన్నాడు, "నువ్వు బయట చెప్తావా లతా? చెప్పు. ఫైళ్ళు నీ చేతి మీదుగానే వచ్చాయి."

ఆయన నిజంగానే డబ్బు తీసుకోలేదని నేను నమ్ముతాను. ఆయన దృష్టిలో అది దొంగతనమే కాదు. ఇంట్లోవాడికి చాయ్ పోసినట్టు ఇచ్చాడు. నాకు ఎక్కువ భయం వేసింది అందుకే. అంత తేలిగ్గా ఒక పువ్వును ఇచ్చినవాడు ఇంకేమేం చూపించి ఉంటాడు, ఎవరెవరికి? అడిగాను. అలాంటివి తాను ముట్టనన్నాడు. బావమరిది సంగతి అడిగితే చాయ్ గ్లాసు మళ్ళీ అందుకున్నాడు.

ఫోన్ చేసి రాజమల్లును రమ్మన్నాను. ఆయన, ఇద్దరు తెలుగు మగ్గాల యజమానులు వచ్చారు. భావేశ్ వాళ్ళకు నకళ్ళ జాబితాలో ఆ డిజైనును, అది వచ్చి చేరిన రోజును చూపించాడు. వాళ్ళు తమ ఫోన్లలో ఫొటో తీసుకున్నారు. నలుగురి ముందు కిశోర్ భాయ్ కాదనలేకపోయాడు. ఆ తర్వాత ఆ నకళ్ళ డిస్కు ఇవ్వమన్నాను. రేపు తుడిపిస్తానన్నాడు. రేపటి దాకా ఆగనన్నాను. ఇవ్వకపోతే జాబితాలో ఉన్న ప్రతి ఇంటికీ ఇప్పుడే ఫోన్ చేస్తానన్నాను. మగ్గాల యజమానుల్లో ఒకాయన కుర్చీ లాక్కుని క్యాబిన్ గుమ్మంలో కూర్చున్నాడు. శేఠ్ ఆ వైరు చేరే బీరువా తెరిచి డిస్కు తీసిచ్చాడు.

డిస్కును తుడవడం మీద నాకు నమ్మకం లేదు. తుడిచినవి తిరిగి తీయడమే కదా మా బతుకు. కౌంటర్ మీదే మూత విప్పి, పళ్ళేలు బయటికి తీసి, అందరూ చూస్తుండగా స్క్రూడ్రైవర్‌తో గీసి వంచేశాను. అదొక్కటే నకలా, ఇంకెక్కడైనా ఉందా? నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ వారమే అక్కడ పని మానేశాను.

తర్వాత జరిగింది

కథల్లోలాగా ఎవరికీ శిక్ష పడలేదు. రాజమల్లు, మగ్గాల యజమానులు రింగ్ రోడ్డుకు వెళ్ళి కిశోర్ భాయ్ బావమరిదిని నిలదీశారు. అతను ముందు ఎవరి డిజైనో తెలియదన్నాడు. పువ్వు అలా ఎందుకు తెగి ఉందో చెప్పమంటే చెప్పలేకపోయాడు. మార్కెట్ పెద్దలు కూర్చుని, ఆ డిజైను ఇక నేయించకూడదని మాట తీసుకున్నారు. అప్పటికి సీజను అయిపోవచ్చింది. కిశోర్ భాయ్ దుకాణం మామూలుగానే నడిచింది. నా జాగాలో ఇంకొక అమ్మాయిని కూర్చోబెట్టాడని భావేశ్ చెప్పాడు. కొన్నాళ్ళకు అతనూ మానేశాడు.

గుర్తున్న ఆడ కస్టమర్లకు నేను ఫోన్ చేశాను. మీ ఫైళ్ళ నకలు అక్కడ ఉండేది, నాకు తెలిసినంతవరకు పాడు చేశాను, మీ పాస్‌వర్డ్‌లు మార్చుకోండి అని చెప్పాను. కొందరు మధ్యలోనే పెట్టేశారు. ఒకామె నేనే బెదిరించడానికి చేశాననుకుని వాళ్ళాయనకు ఫోన్ ఇచ్చింది. బ్యూటీ పార్లరు ఆమె అంతా విని, నువ్వు ఎంతవరకు చూశావని అడిగింది. చూడలేదన్నాను. నమ్మినట్టు లేదు. నేను ఆమె స్థానంలో ఉన్నా నమ్మేదాన్ని కాదు.

రాజమల్లు విషయంలో ఇంకో విచిత్రం జరిగింది. ఆయన అతికించిన పువ్వును ఎవరూ కొనలేదు. మార్కెట్ ఎగిరే పువ్వు రుచి మరిగింది. కాడతో ఉన్నది పాతకాలపుదిగా కనిపిస్తోందని, తెంపి ఇమ్మని మగ్గాలవాళ్ళే అడిగారు. రెండు సీజన్ల పాటు ఆయన తన చేత్తోనే మల్లెలు, బంతులు అన్నీ కాడల నుంచి తెంపి గీశాడు. గీసినప్పుడల్లా చెయ్యి మంటపుట్టేదని ఒకసారి పెళ్ళిలో కలిసినప్పుడు మా అన్నతో అన్నాడట. నాతో మాత్రం మాట్లాడలేదు.

నా సొంత టేబుల్

డిండోలిలో రోడ్డువైపు తెరిచి ఉన్న చిన్న గదిలో నేను సొంతంగా మొదలుపెట్టాను. టేబుల్ ముందుకు వేసి, తెర కస్టమర్‌వైపు తిప్పి పెట్టాను. పనిచేసే కంప్యూటర్‌కు ఇంటర్నెట్ లేదు, దాని వెనుక నుంచి కరెంటు వైరు తప్ప ఇంకే వైరూ పోదు. కావాలంటే వంగి చూసుకోమనేదాన్ని. కొందరు నిజంగానే వంగి చూశారు. కస్టమర్ పాత డిస్కు వద్దన్నా చేతిలో పెట్టి పంపేదాన్ని.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మీ చేతికి వచ్చేది ప్లాస్టిక్ డబ్బా అయినా, లోపల మనిషి ఇల్లంతా ఉంటుంది. ఆ ఇంట్లో మీకు పనున్నది ఒక్క గదిలోనే. మిగతా తలుపులు తెరిచే ఉన్నా అటు చూడకండి. మీ యజమాని చూస్తున్నాడేమో కూడా కనిపెట్టండి. మంచిగా పని నేర్పిన యజమాని అన్ని విషయాల్లోనూ మంచివాడు కానక్కర్లేదు. జీతమిచ్చేవాడిని అనుమానించడం కష్టం, నాకు తెలుసు.

కొన్నేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం రాజమల్లు నా గుమ్మంలో నిలబడ్డాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. చేతిలో వేరే లాప్‌టాప్, అదీ పాతదే. కీబోర్డులో సగం అక్షరాలు పడటం లేదన్నాడు. కూర్చోమన్నాను. మంచినీళ్ళు ఇచ్చాను. ఇంటి సంగతులు కొన్ని మాట్లాడుకున్నాం, జరిగింది ఇద్దరమూ ఎత్తలేదు. కీబోర్డు తీయడానికి కింది మూత విప్పాను. డిస్కు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

తలెత్తి చూశాను. ఆయన చొక్కా జేబు గుండీ మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. జేబు చదరంగా ఉబ్బి ఉంది. ఆ స్క్రూలు విప్పడం ఎక్కడ నేర్చుకున్నాడో అడగలేదు.

"తప్పుగ అనుకోకు చెల్లె" అన్నాడు.

"అనుకోను అన్నా. గట్లనే తేవాలె" అన్నాను.

అనుకోలేదని రాస్తే అబద్ధమవుతుంది. స్క్రూ ఒకటి చేతిలో నుంచి జారి కింద పడింది. దాన్ని వెతుక్కున్నాను. కొత్త కీబోర్డు బిగించాను. పనిచేస్తోందో లేదో చూడాలంటే డిస్కు పెట్టాలి. ఆయనే జేబులో నుంచి తీసి, తన చేత్తో బిగించి, తెర తనవైపు తిప్పుకుని పాస్‌వర్డ్ కొట్టాడు. అన్ని అక్షరాలూ పడుతున్నాయని తల ఊపాడు. మళ్ళీ ఆపేసి, డిస్కు తీసి జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు. అంతసేపూ నేను రోడ్డువైపు తిరిగి, డిండోలి బస్సు దిగుతున్నవాళ్ళను చూస్తూ నిలబడ్డాను.